బస్తాకు బరువు లేదు

మూడోసారి సుత కలీముద్దీన్ సారు అదే మాటన్నడు.
"బస్తా ఎత్తిండు, సరే హారికా,
బరువేది?"

తెర మీద నా మనిషి
దూదిపింజెను ఎత్తినట్టు ఎత్తి
నవ్వుకుంట నడిచిపోతున్నడు.
కాళ్ళ కింద నేలుందన్న సోయి లేదు వానికి.
పన్నెండు సూత్రాలు నోట్‌బుక్కుల
ఎర్రసిరాతోని రాసుకున్న,
పరీక్షలడిగితే గడగడ అప్పజెప్తా.
వానికి మాత్రం ఒక్కటీ అంటలే.

తెల్లారి ఆరింటికి ఏనుమాముల మార్కెట్టుకు పోయిన.
గేటు కాడనే మిర్చి ఘాటు,
స్కెచ్‌బుక్కు తెరవకముందే తొమ్మిది తుమ్ములు.
ఎర్రటి కుప్పల నడుమ ఓదెలు,
మెడ మీద మడతపెట్టిన గోనె,
చేతిల ఇనుప కొక్కెం.
"ఫోటోలు దియ్యకు బిడ్డా, బనీను చినిగింది."
ఫోటోలు గాదు, నీ మోకాళ్ళు గీసుకుంటనన్న.
మోకాళ్ళా! అని
చాయ తాగేటోళ్ళంత నవ్విండ్రు.

ఎత్తేటోడు ముందుగాల పైకి పోడు,
కిందికి పోతడు.
నోట్‌బుక్కుల ఉన్నదే ఈ మాట.
గని ఆ వంగుడుకు నేనిచ్చింది ఆరు ఫ్రేములు,
ఓదెలు తక్కువల తక్కువ ముప్పై తీసుకున్నడు.
అండ్ల సగం ఒట్టి చూపే:
బస్తా మూతికుట్టు దిక్కు,
పోవాల్సిన లారీ దిక్కు,
మళ్ళ బస్తా దిక్కు.
అటెనుక పండ్లు బిగవట్టిండు.
అప్పుడు నడుము, అప్పుడు మోకాలు,
అన్నిటికంటె ఆఖరికి చెయ్యి.
నేను మొట్టమొదలు చెయ్యే కదిపిన.

పక్కోడు ఒక చెయ్యేస్తే బరువు వీపుకెక్కింది.
మెడ పొట్టిదైంది, పక్కటెముకలు అడ్డంగ విచ్చుకున్నయి.
మనిషి తరుగలే,
నిలువుల తగ్గింది అడ్డంల తేలింది.
రబ్బరు బంతిని ఎగరేసి ఎగరేసి
నెలరోజులు సారు చెప్పింది గిదేనా!

నడుస్తుంటే ఆయన తల ఎగరదు.
నా వాని తల
చెరువుల బెండు లెక్క పైకీ కిందికీ.
ఓదెలు తల చాక్‌పీసు గీత తీరు పోతది,
గుంతలన్ని మోకాళ్ళే మింగుతయి.

లారీ కాడ దించి ఆగిండు.
ఆయన ఆగిండు గని తువ్వాల ఆగలే,
కొస ఇంకో రెండు ఊపులూగి
భుజానికి తాకి ఊకున్నది.
మిరపదుమ్ము దానికన్న ఆలస్యంగ దిగింది.

రాత్రి, నయీంనగర్ రూము.
కంప్యూటర్ ఫ్యాను రైసుమిల్లు లెక్క మోగుతుంటే
కీ ఫ్రేములన్ని వీకి
కొత్త మడిల నారేసినట్టు మళ్ళ నాటిన.
మధ్యల లేచి
గ్యాస్ సిలిండరు ఎత్తి చూసుకున్న,
ఫోన్ల వీడియో పెట్టుకొని, నాలుగుసార్లు.
సిలిండరు ఖాళీది, ఏం లాభం.
నిండుదాని కోసం పక్క రూమోళ్ళ తలుపు కొట్టిన.
జమీలా సగం కండ్లు తెరిచి
"పిచ్చి లేసిందా నీకు" అని
అయినా ఇచ్చింది.

సోమారం ఫోనుల ఏసుకపోయి ఓదెలుకు చూపిచ్చిన.
పన్నెండు సెకండ్లు.
ఎండకు తెర కనవడకుంటే తువ్వాల నీడ వట్టి
ఒకసారి చూసిండు, ఇంకోసారి చూసిండు.
మార్కులేసేటప్పుడు సుత
నా చేతులు గింతగనం చెమట వట్టలే.
"కొత్తోడు" అన్నడు.
"పని నేర్సుకుంటడు గని
దమ్ము బిగవట్టి నడుస్తున్నడు సూడు,
గిట్లయితే పది బస్తాలకే కూలవడతడు.
ఎత్తినంక నాలుగడుగులకు దమ్ము ఇడువుమను."
ఎవరో పిలిస్తే కొక్కెం తీసుకొని పోయిండు.

నలభై ఆరో ఫ్రేము కాడ
ఛాతి కొద్దిగ దించిన,
పెదాలు బియ్యపుగింజంత తెరిచిన.
మొఖానికి ఇంకేం చెయ్యలే.
ఈసారి నేల సుత కనవడుతున్నది,
నేను గీయకున్నా.

రేపు సారుకియ్యాలె.
ఒక్కటే తేలుతలేదు:
వాని బనీనుకు చినుగు పెట్టాల్నా,
వద్దా.